ఇంటికి వెళ్ళే డిస్కు

పోయిన వారం వదినని స్టూడియో మెట్ల మీద, చేతిలో తాళాలతో, ఏడుపు మింగుకుంటూ నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. లోపలికి తీసుకెళ్ళే ముందు, ఈ వారమే పుస్తకం తెరిచినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి.

ఇది మనుషుల గొంతులు దాచిపెట్టే చిన్న స్టూడియో. గొంతు ఆపరేషనుతో మాట పోబోయేవాళ్ళు ముందే ఇక్కడికొచ్చి, మైకు ముందు కూర్చుని వందల వాక్యాలు చదువుతారు. తర్వాత వాళ్ళు ఫోనులో ఏం టైపు చేసినా అది వాళ్ళ గొంతుతోనే పలుకుతుంది. ఈ పని మొదలుపెట్టిన సౌండాయన ఎనిమిది నెలల కిందట, ఒక శనివారం పొద్దున, బస్టాపులో గుండె ఆగి కూలిపోయాడు. అప్పట్నుంచి ఆయన భార్యా, చెల్లెలూ కలిసి నడుపుతున్నారు. చెల్లెలి పిలుపే అందరికీ అలవాటై, గుమ్మం తొక్కిన ప్రతివాళ్ళూ భార్యని వదిన అనే అంటారు. చెల్లెలికి గడియారం అని పేరు పెట్టింది సౌండాయనే. ఆవిడ దేనికీ నిమిషం ఆలస్యం కాదు, పక్కవాళ్ళని కానివ్వదు.

మొన్న సోమవారం ఎక్కడో పిడుగు పడి కరెంటు ఎగదన్నింది. కంప్యూటరు కాలిపోయింది. దానికి తగిలించి ఉన్న, ఎర్ర టేపు అంటించిన కాపీల డిస్కూ కాలిపోయింది. వాటిలో టీచరమ్మ చదివిన ఆరువందల పన్నెండు వాక్యాలున్నాయి. శుభ్రం చేసి, ఫోను గొంతు తయారుచేసేవాళ్ళకి పంపడానికి ఇంకో వారం పని మిగిలింది కాబట్టి అవి ఇంకెక్కడికీ వెళ్ళలేదు. టీచరమ్మకి ఆపరేషను జరిగి పన్నెండు రోజులైంది. ఆ గొంతు ఇప్పుడు ఆమె దగ్గర కూడా లేదు.

బుధవారం పదకొండు గంటలకి వదిన మెట్లెక్కింది. లోపల ముగ్గురూ ఆమె కోసమే చూస్తున్నారు.

రిపేరాయన బల్ల మీద కంప్యూటరు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. నిదానస్తుడు. చెడ్డ కబురు చెప్పేముందు కళ్ళద్దాలు తుడుచుకోవడం ఆయన అలవాటు. వదిన వచ్చేసరికి తుడుస్తూనే ఉన్నాడు. గోడవారగా కుర్చీలో టీచరమ్మ, మెడకి తెల్ల కట్టుతో, ఒళ్ళో చిన్న నోటుబుక్కుతో ఉంది. గడియారం తలుపు దగ్గర నిలబడింది.

"పోయింది పోయిందే అనుకోండమ్మా," అన్నాడు రిపేరాయన. "రెండూ ఒకే తీగకి కట్టేసి పెట్టారు. పక్కపక్కన పెట్టుకుంటే అవి రెండు కాపీలు కావు. ఒకటే కాపీ రెండుసార్లు కనపడుతుంది, అంతే. ఇంకోచోట ఏదీ లేదా?"

"ఎందుకు లేదు?" అంది గడియారం. "మా అన్నయ్య పెట్టిన పద్ధతి ఉంది కదా. ఎర్ర టేపుదొకటి, నీలం టేపుదొకటి. శుక్రవారం నాలుగింటికి ఒకదాంట్లోకి మొత్తం ఎక్కించి ఇంటికి తీసుకెళ్ళాలి, ఇంట్లో ఉన్నదాన్ని ఇక్కడికి తేవాలి. ఏ రోజు చూసినా ఒకటి ఇల్లు, ఒకటి స్టూడియో. ఎర్రది ఇక్కడ కాలిందంటే నీలంది ఇంట్లో ఉన్నట్టేగా. పోయిన శుక్రవారం దాకా అందులో ఉండాలి. మారుస్తున్నది వదినే. కదా వదినా?"

టీచరమ్మ చటుక్కున తలెత్తింది. నోటుబుక్కులో ఒక్క మాట రాసి వదినవైపు తిప్పింది: ఉందా?

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడింది వదిన. నీలం డిస్కు ఇంట్లో లేదు. సోమవారం నుంచీ ఆమె హ్యాండ్ బ్యాగులోనే ఉంది, ఇప్పుడు కూడా భుజానికి వేలాడుతోంది. అది కాదు ఆమె భయం. ఎనిమిది నెలలుగా "మార్చావా వదినా" అని గడియారం అడిగినప్పుడల్లా "ఆఁ, మార్చాను" అంటూ వచ్చింది. ఒక్కసారి కూడా మార్చలేదు.

ఎందుకు మార్చలేదో ఆమెకి బాగా తెలుసు, మనకీ తెలియాలి. ఆ చివరి శుక్రవారం సౌండాయన ఇంటికి తెచ్చింది నీలం డిస్కుని. దాని టేపు మీద ఆయన చేతిరాత ఉంది: శుక్రవారం. ఇంటికి. బూట్లు విప్పి, డిస్కు తీసి బీరువాలో చొక్కాల మధ్య పెట్టాడు. తెల్లారి పోయాడు. ఆ తర్వాతి శుక్రవారం దాన్ని స్టూడియోకి తీసుకెళ్ళాలి, ఆయన చివరగా ఎక్కించినదాని మీద కొత్తది ఎక్కించాలి. ప్రతి రికార్డింగు మొదట్లో ఆయనే మైకు పరీక్ష చేసేవాడు. ఒకటి, రెండు, మూడు, వినపడుతోందా. ఆ వారం చెప్పిన ఒకటి రెండు మూడు ఆ డిస్కులో ఉంటుంది. దాని మీద ఇంకొకటి రాయడమా? ఆమె చెయ్యి ఆడలేదు. ఈ వారానికి వద్దులే అనుకుంది. మరుసటి వారమూ అలాగే అనుకుంది. ఎర్రది స్టూడియోలోనే కంప్యూటరుకి అతుక్కుపోయింది.

ఇంకో సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. అంటే పిచ్చెక్కిందంటారు. శుక్రవారం సాయంత్రాలు ఇంటికెళ్ళి బీరువా తెరిస్తే డిస్కు తను పెట్టినట్టు ఉండేది కాదు. చేతిరాత పైకుండేలా పెట్టేది. కిందకి తిరిగి ఉండేది. ఒకసారి చారల చొక్కా కింద పెడితే తెల్ల చొక్కా కింద దొరికింది. ఒకసారి వేళ్ళకి వెచ్చగా తగిలింది. ఆమె భయపడలేదు. బీరువా తలుపుకి నుదురు ఆనించి, "వచ్చావా" అని అడిగింది. ఆ తర్వాత వారమంతా శుక్రవారం కోసం చూసేది.

"వదినా, టీచరమ్మగారు అడుగుతున్నారు," అంది గడియారం.

"లేదు," అంది వదిన.

"ఏం లేదు?"

"పోయిన వారంది లేదు. మార్చలేదు నేను. మీ అన్నయ్య పోయాక ఒక్కసారి కూడా మార్చలేదు." బ్యాగు తెరిచి చెయ్యి పెట్టింది. "మార్చానని నీతో అబద్ధం చెప్పాను. ఆయన రాసిందాని మీద రాయలేకపోయాను. నీలంది ఇదిగో, ఇందులో ఉన్నవి ఎనిమిది నెలల నాటివి. మీరు మా దగ్గరికొచ్చి మూడు నెలలే అయింది టీచరమ్మగారూ. మీవేవీ ఇందులో ఉండవు. నా మొగుడి ఒకటి రెండు మూడు కోసం మీ గొంతు పోగొట్టాను. నన్నేమన్నా అనండి."

అనడానికి ఆవిడకి ఏముంది గనక. నోటుబుక్కు మూసి దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది. ఆ గదికి గోడలన్నీ దళసరి నురగే. గోడలకి చెవులుంటాయంటారు గానీ ఈ గోడలకి చెవుల్లేవు. ఏ మాటైనా అక్కడే చచ్చిపోతుంది. వదిన ఏడుపు కూడా అలాగే పొడిగా వినపడింది.

రిపేరాయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "ఏదీ, ఇలా ఇవ్వండి. ఎనిమిది నెలల నాటిదైనా సరే, తెరిచి చూద్దాం. ముందు దీని మీద ఎవరూ ఏమీ రాయకుండా కట్టు వేస్తాను. చదవడానికే తెరుస్తాను."

డిస్కుని తన ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. లోపల ఏదో తిరగడం మొదలైన చిన్న చప్పుడు. ఆయన తెరకి దగ్గరగా వంగి, వెనక్కి జరిగి, మళ్ళీ వంగాడు.

"అమ్మా, ఎనిమిది నెలలంటారేంటి? దీని మీద చివరి తేదీ పోయిన శుక్రవారం. సాయంత్రం నాలుగూ పన్నెండు."

వదిన ఒంటి మీద రోమాలు లేచాయి. ఆమె మొహంలో వచ్చింది మాత్రం భయం కాదు. వచ్చావు, అనుకుంది. చెప్తే ఎవరూ నమ్మరనుకున్నాను, చూడండి, తేదీ కూడా వేసి వెళ్ళాడు.

"పని అయ్యేటప్పటికి నాలుగూ పన్నెండు," అంది గడియారం. "మొదలెట్టింది నాలుగింటికే. ఎక్కడానికి పన్నెండు నిమిషాలు పట్టింది."

వదిన మెల్లగా ఆవిడవైపు తిరిగింది.

"నువ్వా?"

"నేనే. అన్నయ్య పోయిన నాలుగో వారం నుంచి నేనే." గడియారం తలుపు దగ్గర్నుంచి కదల్లేదు. "శుక్రవారం నాలుగయ్యేసరికి నువ్వు ఇక్కడ ఉండలేక వీధి చుట్టూ నడవడానికి వెళ్తావు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళినప్పుడు నీ బీరువాలోంచి డిస్కు తెచ్చేదాన్ని. నువ్వు బయటికి వెళ్ళగానే ఎక్కించేదాన్ని. నీకంటే పావుగంట ముందు ఇంటికెళ్ళి పెట్టేసేదాన్ని. ఒకే ఇల్లు, కింద వాటా పై వాటా, తాళం నా దగ్గరా ఉంది. కష్టమేముంది?"

"మరి ఇందాక అందరి ముందూ నన్ను..."

"అడిగాను. ఎనిమిది నెలలుగా అడుగుతున్నాను, మార్చావా మార్చావా అని. ఒక్కసారన్నా నిజం చెప్తావేమోనని. సోమవారం ఇదంతా కాలిపోయాక కూడా చెప్పలేదు నువ్వు. బ్యాగులో పెట్టుకుని తిరిగావు." గడియారం గొంతు మొదటిసారి పెరిగింది. "నీకు మొగుడైతే నాకు అన్నయ్య కాదా? నాకు మాత్రం చేతులు వణకలేదా, మొదటిసారి దాని మీద ఎక్కించేటప్పుడు? కానీ ఆయన పెట్టిన పద్ధతి ఆయనతోపాటు పోతే, ఆయన నిజంగానే పోయినట్టు అనిపించింది."

గడియారం నోట్లో నువ్వుగింజ నానదని బంధువులంతా అంటారు. అలాంటి మనిషి ఎనిమిది నెలలు నోరు మూసుకుంది. వదినకి కోపం రావాలి, సిగ్గూ రావాలి, రెండూ వచ్చాయి. కానీ అన్నిటికంటే ముందు వచ్చింది ఇంకొకటి. బీరువాకి నుదురు ఆనించి ఎవరిని పలకరించిందో తెలిసింది. వచ్చింది ఆయన కాదన్నమాట. ఎనిమిది నెలల తర్వాత, ఒక బుధవారం పదకొండున్నరకి, ఆమె మొగుడు ఆమెకి మళ్ళీ చచ్చిపోయాడు.

"ముందు బతికున్నవాళ్ళ సంగతి చూద్దామమ్మా," అన్నాడు రిపేరాయన మెత్తగా. ఆయన చెయ్యి తీరిగ్గా లేదు. టీచరమ్మ వాక్యాలన్నీ ముందు తన ల్యాప్‌టాప్‌లోకి, అక్కణ్ణుంచి జేబులోంచి తీసిన ఇంకో చిన్న డిస్కులోకి ఎక్కించాడు. లెక్క చూసుకున్నాడు. ఆరువందల పన్నెండు. "ఉంటే సరిపోదు, పలకాలి," అని ఒకటి నొక్కాడు.

స్పీకరులోంచి నిండైన గొంతు వచ్చింది, చివరి బెంచీ దాకా వినపడే గొంతు. "పిల్లలూ, పుస్తకాలు తెరవండి."

టీచరమ్మ మెడ కట్టు మీద చెయ్యి పెట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు జారుతుంటే తుడుచుకోలేదు. పెదవులు మాత్రం ఆ మాటతోపాటే కదిలాయి. వదిన వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చుని మోకాలు పట్టుకుంది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదే," రిపేరాయన అన్నాడు. "ఇంకోసారి కాలకుండా చూడాలి. సౌండాయన పద్ధతి మంచిదే. దానికి మూడు తగిలించండి. ఇంట్లో ఒకటి, ఇక్కడ ఒకటి కాక, దూరంగా ఇంటర్నెట్‌లో ఒకటి, తనంతట తానే ఎక్కేలా పెడతాను. మనిషి చెయ్యి పడకూడదు. మనిషికి జ్వరం వస్తుంది, పెళ్ళిళ్ళుంటాయి, ఏడుపొస్తుంది. రెండోది, ఎక్కించగానే డిస్కుని విప్పేయాలి. తగిలించి ఉంచారో, దానికీ అదే గతి. మూడోది, నెలకోసారి ఏదో ఒకటి తెరిచి వినాలి. వినని కాపీ ఉన్నట్టో లేనట్టో దేవుడికే తెలియాలి."

"అన్నీ సరే. రోజు మాత్రం మార్చండి," అంది వదిన. "శుక్రవారం వద్దు."

"శుక్రవారమే," అంది గడియారం. "నాలుగింటికి. ఈసారి నువ్వు వీధిలోకి వెళ్ళవు. నా పక్కన కూర్చుంటావు."

వదిన తలూపింది. కథ ఇక్కడ ఆగిపోతే నేనూ సంతోషించేవాణ్ణి. టీచరమ్మ లేచి చేతిసంచి సర్దుకుంటోంది. రిపేరాయన డిస్కు విప్పబోతూ, ఆగాడు.

"ఇదొకటి తేడాగా ఉందే. అన్నిటికీ పోయిన వారం తేదీ ఉంది. ఈ ఒక్క ఫైలు మాత్రం ఎనిమిది నెలల కిందటిది. నలభై నిమిషాల రికార్డింగు. కాలిపోయిన కంప్యూటర్లో ఇది ఉండేదా?"

"లేదు," అంది గడియారం. ఇప్పుడు ఆవిడ మొహం చూస్తే వయసు పదేళ్ళు పెరిగినట్టుంది. "అన్నయ్య దాన్ని డిస్కులోకి ఎక్కించి కంప్యూటర్లోంచి చెరిపేశాడు. చివరి శుక్రవారం. నేను పన్ను పీకించుకోడానికి వెళ్ళిన మధ్యాహ్నం. నేను మిగతావన్నీ మార్చాను గానీ దాన్ని ముట్టుకోలేదు వదినా. ఒట్టు."

"మైకు పరీక్షా?" వదిన గొంతులో ఆశ పొంగింది.

"మైకు పరీక్షతోనే మొదలవుతుంది." గడియారం నేల చూసింది. "తర్వాత ఒక ఆడగొంతు వస్తుంది. అక్కడే ఆపేశాను. ఇంక వినడం నా పని కాదనుకున్నాను. ఎవరిదో నాకు తెలియదు అప్పటికి."

అప్పటికి. ఆ మాట దగ్గర వదినకి ఒక కప్పు గుర్తొచ్చింది. మూడు నెలల కిందట టీచరమ్మ మొదటిసారి వచ్చి, ఈ ఊళ్ళో నాకెవరూ తెలియదని చెప్పి, మైకు ముందు కూర్చుని మొదటి వాక్యం చదివింది. గాజు కిటికీకి ఇవతల గడియారం చేతిలోంచి కప్పు జారి ముక్కలైంది. వేడిగా ఉందని చెప్పింది. ఆ కప్పులో ఉన్నది మంచినీళ్ళు.

వదిన తలెత్తేసరికి టీచరమ్మ తలుపు దాకా వెళ్ళింది. గడియారం ఇంకా తలుపుకి అడ్డంగానే ఉంది.

"ప్లే చెయ్యండి," అంది వదిన.

"ఆగండమ్మా, ముందు కాపీ తీస్తాను. లోకంలో ఇది ఒక్కటే ఉంది. ఈ పాత ఫైలు దగ్గర డిస్కు నిదానిస్తోంది, పది నిమిషాలు ఓపిక పట్టండి, తర్వాత కాపీ మీద వినండి."

"ఎనిమిది నెలలు పట్టాను. ఇంక నా వల్ల కాదు."

రిపేరాయన కాదనేలోపే ఆమె వంగి నొక్కేసింది. తెర మీద ఆయన మొదలుపెట్టిన కాపీ గీత ఇంకా చిటికెనవేలంత కూడా నిండలేదు.

కుర్చీ జరిగిన చప్పుడు. గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత ఆయన.

"ఒకటి. రెండు. మూడు. వినపడుతోందా?"

"వినపడుతోంది," అంది వదిన పైకే. ఆమెకి ఆ క్షణాన ఇంకెవరూ అక్కర్లేదు. ఆడగొంతు ఎవరిదైతేనేం, ఏం చెప్తేనేం.

అప్పుడు అదే స్పీకరులోంచి, ఇందాక పిల్లల్ని పుస్తకాలు తెరవమన్న గొంతే వచ్చింది.

"నా గొంతు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఆవిడకి చెప్పండి. డాక్టరు గదిలో మీ పక్క కుర్చీలో కూర్చున్న పాపానికి నాకు తెలిసింది, ఆవిడకి తెలియకపోతే ఎలా? నాకింకా టైముంది. మీకే లేదు."

ఆయన నవ్వు వినపడింది, ఆమెకి బాగా తెలిసిన నవ్వే, తప్పు దొరికినప్పుడు నవ్వేది.

"చెప్పను టీచరమ్మా. ఈ మాట మీ దగ్గరే ఉండాలి. ఎందుకు చెప్పనంటే..."

తలుపు దగ్గర్నుంచి టీచరమ్మ ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. వద్దు వద్దని రెండు చేతులూ ఊపుతూ, అరవడానికి గొంతు లేక, చేతికి దొరికిన తీగ పట్టి లాగింది. తీగతోపాటు డిస్కు బల్ల అంచు దాటింది. నేల మీద పడ్డాక లోపల టక్, టక్, టక్ మని మూడుసార్లు కొట్టుకుని ఆగిపోయింది.

రిపేరాయన మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

వదినకి ఆయన చెప్పనక్కర్లేకపోయింది. ఆ మాటకి డిస్కులో కాపీ లేదు, కంప్యూటర్లో కాపీ లేదు. మిగిలింది ఒక్కటే, మెడకి కట్టుతో ఎదురుగా నిలబడి ఉంది. వదిన నేల మీద పడ్డ నోటుబుక్కు తీసి, ఖాళీ పేజీ తిప్పి, పెన్ను పెట్టి ఆవిడ చేతికిచ్చింది.

"రాయండి," అంది.

టీచరమ్మ పెన్ను మూత తీసింది. కాగితం మీద చెయ్యి ఆనించింది. సౌండాయనకి ఆమె ఇచ్చిన మాట ఏమిటో ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు. కొంతసేపటికి మూత మళ్ళీ పెట్టేసి, పెన్నుని వదిన అరచేతిలో ఉంచి, ఆ చేతిని తన రెండు చేతులతో గట్టిగా మూసింది.